ఊరికే

సముద్రం ఉన్న ఊళ్ళో కాపురం ఉండేవాళ్ళకి ఓ అలవాటుంది. సముద్రాన్ని వాళ్ళు చుట్టాలకోసం అట్టేపెట్టుకుంటారు, బీరువాలో పింగాణీ కప్పులు అట్టేపెట్టుకున్నట్టు. బెజవాడనుంచి మా పెద్దాడపడుచు పిల్లలతో దిగినా, తెనాలినుంచి మా అన్నయ్యావాళ్ళు వచ్చినా అప్పుడు బయటికి తీస్తాం. మొదటిరోజు రామకృష్ణా బీచి, జలాంతర్గామి, సాయంత్రం కైలాసగిరి. మర్నాడు సింహాచలం. వాళ్ళు రైలెక్కగానే సముద్రాన్ని మళ్ళీ తుడిచి లోపల పెట్టేస్తాం. నేను విశాఖపట్నం వచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఇన్నేళ్ళలో కురుసుర జలాంతర్గామిలోకి పదకొండుసార్లు దిగాను. పాపం, అది 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సెలవు పుచ్చుకుని, 2002నుంచి ఇసుకమీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూస్తోంది. దాని పొట్టలో ఏ గొట్టం ఎక్కడుందో నాకు కంఠతా వచ్చు.

చుట్టాలు లేకుండా, పనంటూ లేకుండా, ఒక్కదాన్నీ ఊరు చూడబోయిన రోజు మాత్రం నా జన్మలో ఒకటే. అది కిందటి నవంబరులో వచ్చింది.

వాయుగుండం వస్తోందని ముందురోజు రాత్రే కాలేజీలకి సెలవిచ్చేశారు. ఆ వాయుగుండానికి ఏం తోచిందోగాని, రాత్రికి రాత్రే మనసు మార్చుకుని ఒడిశా దారి పట్టింది. తెల్లారి చూద్దును గదా, తోమిన ఇత్తడి పళ్ళెంలా ఎండ! సెలవు ఇచ్చినవాళ్ళు ఇచ్చినట్టే ఉన్నారు. ఇంట్లో నేనొక్కదాన్నే. మావారు బదిలీమీద హైదరాబాదులో ఉండబట్టి రెండు నెలలు దాటింది. అబ్బాయి ఉద్యోగమూ అక్కడే. తండ్రీకొడుకులు ఒకచోట చేరితే ఊరుకుంటారా? ఇక్కడి ఫ్లాటు అమ్మేసి అక్కడ కొనడానికి తీర్మానించేశారు. కొనేవాడూ కుదిరాడు. నేను ఊఁ అనడమే తరువాయి.

“నీకేమిటోయ్, తెలుగు చెప్పేదానివి. ఎక్కడైనా చెప్పుకోవచ్చు” అన్నారాయన.

తెలుగు పంతులమ్మ పాఠాన్ని సంచీలో వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకోవచ్చునని ఆయన అభిప్రాయం కాబోలు.

ఆ ఉదయం కూడా ఫోను చేశారు. “బండి వారంరోజులనుంచి కదల్లేదు. బ్యాటరీ పడిపోతుంది. ఓసారి వీధి చివరిదాకా తిప్పుకురా” అన్నారు. “అలాగేనండి” అని తాళాలు తీసుకున్నాను. మాది ఎం.వి.పి. కాలనీ. ఈ ఊళ్ళో ఆ పేరు తెలియనివాళ్ళుండరు. అది మువ్వలవానిపాలెం అని చెబితే మాత్రం మా క్లాసులో పిల్లలు పకపకా నవ్వుతారు. ఇంగ్లీషు అక్షరాలు మూడూ వచ్చి కూర్చున్నాక మువ్వలవాడు ఎటో వెళ్ళిపోయాడు. ఆ వీధి చివర ఎడమకి తిప్పితే చుట్టు తిరిగి మళ్ళీ ఇల్లు. తిన్నగా పోతే సముద్రం. తిన్నగా పోయాను.

కైలాసగిరి దాటేదాకా గుండె కొంచెం దడదడలాడింది, ఏదో దొంగతనానికి బయల్దేరినట్టు. ఎడమపక్క కొండ పచ్చగా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరుమీద పడిన మర్నాడు ఆ కొండ ఎలా ఉందో చూసినవాళ్ళకి ఆ పచ్చదనం విలువ తెలుస్తుంది. నాలుగు రోజులు కరెంటు లేక, నీళ్ళు లేక, మేడమీద మేమంతా కలిసి కట్టెలపొయ్యి మీద వండుకున్నాం. అప్పుడు మాత్రం మా కాలనీ నిజంగా ఓ పాలెంలాగే ఉంది.

రుషికొండ దాటాను. మంగమారిపేట దగ్గర తొట్లకొండ బోర్డు కనిపిస్తే బండి దానంతటదే పైకి ఎక్కింది, నన్నడక్కుండానే. పైన పట్టుమని పదిమంది లేరు. ఇటుక పునాదులు, గుండ్రని స్తూపాల అడుగులు, భిక్షువుల గదులు. రెండువేల ఏళ్ళనాటి బౌద్ధారామం. కొండరాతిలో తొలిచిన తొట్లు. వాన నీళ్ళు పట్టి ఏడాది పొడుగునా వాడుకునేవారట. ముందురోజు కురిసిన జల్లుకి వాటిలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఎదురుగా కిందని సముద్రం.

1976లో నౌకాదళంవారు ఆకాశంనుంచి సర్వే చేస్తున్నప్పుడు ఈ ఆరామం బయటపడిందని చెబుతారు. చదువుకున్న లోకానికి బయటపడ్డమాట నిజమే. కాని ఆ కొండకి తొట్లకొండ అని పేరు పెట్టిందెవరు? కింది పల్లెల్లోవాళ్ళు. ఇటు బావులున్న కొండని బావికొండ అన్నారు, అదీ బౌద్ధులదే. భీమిలి దగ్గర పావురాళ్ళు వాలే కొండ పావురాళ్ళకొండ, అదీ అంతే. బుద్ధుడెవరో, భిక్షువులెవరో వాళ్ళు మర్చిపోయి వెయ్యేళ్ళు దాటి ఉంటుంది. కంటికి కనిపించినదాన్ని మాత్రం పోనివ్వలేదు. తొట్టిని తొట్టి అన్నారు, బావిని బావి అన్నారు. ముప్ఫై ఏళ్ళు భాష చదివీ, చెప్పీ, ఇంతకంటే మంచి నిఘంటువు నేను చూడలేదు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల వెలుస్తున్న మేడలకి పెడుతున్న పేర్లు చూడండి: సీ వ్యూ, గ్రాండ్, పామ్. రేపు ఇవి మట్టిలో కలిస్తే ఆ పేర్లు పట్టుకుని ఎవరికేం తెలుస్తుంది?

ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఎక్కువసేపు ఆగలేదు, ఎండెక్కింది. సముద్రపుగాలి వేలాది ఏళ్ళపాటు తెచ్చిపోసిన ఇసుక అది. అందులోని ఇనుము తుప్పుపట్టి ఆ ఎరుపు వచ్చిందంటారు. దానికీ సొంత పేరే ఉంది, మార్చకపోతే చాలు.

భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటికి కొంచెం ఇవతల బండి ఆపాను. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడ్డ ఊరు. ఒడ్డునే డచ్చివారి సమాధులు. 17వ శతాబ్దంలో వర్తకానికొచ్చి ఈ ఇసుకలోనే పడుకున్నారు. మన పాతవాళ్ళు వాళ్ళని వలందావారనేవారు. బందరులో వలందపాలెం వాళ్ళ పేరే. ఆ గోడ నీడలో ఒక ముసలమ్మ తేగలు పెట్టుకు కూచుంది. కట్ట కొన్నాను. ఆవిడ నన్నూ, కారునీ, కారులోని ఖాళీ సీట్లనీ మార్చిమార్చి చూసింది.

“ఒక్కర్తివే వచ్చినావేటమ్మా?”

“ఒక్కదాన్నే.”

“బాబు రాలేదేటి? ఏ పనిమీదొచ్చినావు?”

“ఊరికే.”

“ఊరికే ఎవులొస్తారమ్మా?” అని బోసినోటితో నవ్వింది. “ఏ ఊరు మీది?”

“విశాఖపట్నం” అన్నాను.

తేగ ఒలుస్తున్న చెయ్యి ఆగిపోయింది. ఇది మీకు పెద్ద విషయంగా తోచకపోవచ్చు. ఈ ఇరవై రెండేళ్ళలో ఎవరు ఏ ఊరని అడిగినా, కాలేజీలో, రైల్లో, పెళ్ళిళ్ళలో, “మాది తెనాలి” అనే చెప్పాను. ఇక్కడి మాట వినపడితే “మా వైపు అలా అనరండీ” అని సరిదిద్దాను కూడా. తెనాలిలో నాకిప్పుడు ఇల్లు లేదు, అమ్మానాన్నా లేరు. అయినా ఊరంటే తెనాలే. ఆ ముసలమ్మ అడిగేసరికి నోట్లోంచి విశాఖపట్నం వచ్చేసింది. ఆవిడకి అదేం వింతగా లేదు. “అదే, ఇశాపట్నం. సూస్తే తెల్తందిలే” అని చిల్లరిచ్చేసింది.

చూస్తే ఏం తెలిసిందో అడగాలనిపించింది గాని, ఇంకో బేరం వచ్చింది.

తిరుగుదారిలో సముద్రపక్కకి రాకుండా ఆనందపురం మీదుగా అడవివరం వచ్చాను. సింహాచలం కొండ ఎక్కలేదు, కిందనుంచే దణ్ణం పెట్టుకున్నాను. సంపెంగలు అమ్మేవాడొకడు అద్దం దగ్గరికొచ్చాడు. నాలుగు పువ్వులు కొని ముందు పెట్టేసరికి బండి పూజగదిలా అయిపోయింది. లోకమంతా వరాహ లక్ష్మీనరసింహస్వామి అంటుంది. ఇక్కడివాళ్ళకి ఆయన అప్పన్న, ఇంట్లో పెద్దన్నయ్య అన్నట్టు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో హాజరుపట్టీ చదువుతుంటే అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ, అప్పలకొండ వరసగా లేచేవారు. ఒకే పేరుకి ముగ్గురు పలికేవారు. అప్పట్లో విసుక్కునేదాన్ని. ఈ ఏడు పట్టీలో ఒక్క అప్పలరాజున్నాడు. వాడూ తనని రాజ్ అని పిలవమన్నాడు. నేను పూర్తి పేరే పిలుస్తున్నాను. పాపం, ఇప్పటికి అలవాటు పడ్డాడు లెండి.

గోపాలపట్నం దాటి ఎన్నేడీ కొత్తరోడ్డు దగ్గర ఇరుక్కున్నాను. ఎన్నాళ్ళనుంచి అది కొత్తరోడ్డో ఎవరికీ తెలియదు, ఈ ఊళ్ళో అది ముసలి కాదు. అక్కణ్ణించి పాతవూరు చేరేసరికి నాలుగు దాటింది. కొండమీది మేరీమాత చర్చికి కింద బండి పెట్టి మెట్లెక్కాను. ఆ పక్కపక్కనే ఒక కొండమీద దర్గా, ఇంకో కొండమీద వెంకటేశ్వరస్వామి. కిందని ఓడలొచ్చే కాలవ. కాలవకి అవతల యారాడకొండ, ఇంగ్లీషువారి డాల్ఫిన్ ముక్కు. 1933లో ఇక్కడ రేవు తెరిచారు. 1942 ఏప్రిల్ 6న జపానువాళ్ళు బాంబులు వేస్తే ఊరు సగం ఖాళీ అయిందని మా ఇంటి పక్క తాతగారు చెప్పేవారు. వెళ్ళినవాళ్ళు ఎప్పుడొచ్చారు తాతగారూ అంటే, “అన్నం తినాలి గదమ్మా, వచ్చేశారు” అనేవారు.

ఒక పెద్ద ఓడ, ముందొక చిన్న పడవ లాగుతుంటే, అటు కొండకీ ఇటు ఊరికీ మధ్య చప్పుడు లేకుండా లోపలికి వస్తోంది. అంత పెద్దది అంత ఇరుకులోంచి ఎలా పడుతుందా అని ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఫోను మోగింది.

“అవతలివాళ్ళు బయానా ఇస్తామంటున్నారోయ్. ఏం చెప్పమన్నావు?”

“ఇప్పుడే వద్దని చెప్పండి.”

“వద్దా? ఎందుకూ?”

ఏం చెప్పను? తేగలమ్మ సంగతి చెబితే నవ్వుతారు. ఓడ ముక్కు అప్పటికి మలుపు తిరిగింది.

“యారాడ ఇంకా చూడలేదండీ” అన్నాను.

“యారాడ చూడ్డానికెంతసేపు? ఓ ఆదివారం వస్తాను, చూద్దాం. దానికీ ఇంటికీ ఏమిటి సంబంధం?”

“మీరు రండి ముందు. అక్కడ కూచుని చెబుతాను” అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. తరవాత, “ఇంతకీ ఎక్కడున్నావు నువ్వు? ఆ కూతేమిటి, ఓడలా ఉందే!” అన్నారు.