గట్టు తీసిన పటం

పోయిన ఏడాది మా తరగతి సెమినారులో సాగర్ కుడికాలువ గురించి మాట్లాడే వంతు నాకొచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారి శంకుస్థాపన, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు నీరు వదలడం, అన్నీ రాసుకున్నాను. బొమ్మ లేనిదే రక్తి కట్టదని పవర్‌పాయింటులో పల్నాడు జిల్లా పటం గీయడానికి కూర్చున్నాను.

2022 ఏప్రిల్ 4న జిల్లా ఏర్పడినప్పుడు 28 మండలాలు. ఒక్కోటీ ఒక్కో ముక్కగా గీశాను. గురజాల, నరసరావుపేట, సత్తెనపల్లి డివిజన్లకు మూడు గ్రూపులు కట్టి, ఆ మూడింటినీ ఒక పెద్ద గ్రూపు చేశాను. పట్టి లాగితే మాచర్లతో సహా జిల్లా అంతా కదిలింది. గెలిచాననుకున్నాను! తీరా రంగు పలచన చేస్తే, ముక్క మీద ముక్క పడ్డ చోటల్లా ముదురు చారలు. జిల్లా చుట్టూ గీత వేయబోతే ప్రతి మండలం చుట్టూ పడింది. గ్రూపంటే మోపు కట్టడమే. తాడు ఒకటేగానీ ఏ పన దానిదే.

ల్యాబులో సీనియరు అన్న దారి చెప్పాడు. "ముందు పెద్ద గ్రూపు విప్పు, తర్వాత లోపలి మూడూ విప్పు. అన్నీ విడయ్యాక ఎంచుకుని, షేప్ ఫార్మాట్‌లో మెర్జ్ షేప్స్, అందులో యూనియన్ నొక్కు. ముందు ఏ ముక్క పట్టుకుంటే దాని రంగే అన్నిటికీ వస్తుంది. సందులుంటే ముందే పూడ్చుకో." మన సంఘం పేరు అక్కడ కూడా కనబడేసరికి నవ్వొచ్చింది. నొక్కాను. సరిహద్దులన్నీ మాయం. ఒకే ఒక పల్నాడు! సేవ్ చేసి, మూసేసి, హాయిగా పడుకున్నాను.

మర్నాడు మా మాస్టారు చూసి, "బాగుందోయ్. మరి మేజర్ల చివర నీళ్లందని మండలాలేవో వేరే రంగులో చూపించు" అన్నారు. ఏం చూపించను? మూసిన ఫైలులో వెనక్కి పోయే దారి లేదు. కాపీ దాచుకోలేదు. ఆ రాత్రంతా మళ్లీ 28 ముక్కలు.

మా నాయనతో ఫోనులో చెప్పుకుంటే నవ్వలేదు. మా పొలమూ మేజరు చివరిదే. ట్రాక్టరు తిరగడానికి వీలుగా ఉంటుందని మా చెక్కకూ చిన్నాయన చెక్కకూ మధ్య గట్టు తీయించారు. ఆ ఏడు వచ్చిన కాసిని నీళ్లూ పల్లానున్న చిన్నాయన వైపే పోయాయి. మా వైపు పైరు ఎండింది. మళ్లీ గట్టు వేద్దామంటే హద్దు ఎక్కడో ఎవరికీ సరిగా గుర్తులేదు. రెండేళ్లు ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు.

"కలపడం తప్పు కాదురా. గట్టు తీసేముందు హద్దురాయి పాతుకోవాల. మేం ఆ పని చేయలా" అన్నాడు నాయన. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

ఇప్పుడు నా ఫైలులో పటాలు రెండు. ఒకటి కలిపింది, దాని వెనకే 28 ముక్కలది. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు రెండూ చిన్నాయనకు చూపించాలని ఉంది.

మిత్రులారా, మీరూ కలపండి. ముందు ఒక కాపీ మాత్రం దాచుకోండి.