హెల్పర్ దగ్గరే ఎందుకు ఆగాలి?

గుండ్లపోచంపల్లి అపారెల్ పార్కు వైపు, మేడ్చల్ దారి పొడవునా ఉన్న షెడ్ల వైపు పొద్దున్నే పనికి పోయే యువతలో మన ఆదివాసీ పిల్లలు కూడా ఉంటారు. నేను గోండు ఇంట్లో పుట్టి ఈ పక్కనే బడిలో పాఠాలు చెబుతున్నవాణ్ణి. అందుకని వాళ్లు కనిపిస్తే ఆగి పలకరిస్తాను. ఏం పని చేస్తున్నావు అంటే ఎక్కువమంది చెప్పేది ఒకటే మాట: "హెల్పర్‌ని సార్."

హెల్పర్ పనిముట్టు అందిస్తాడు. దాన్ని పట్టుకుని పనిచేసేవాడు వేరు. ఇద్దరికీ కూలిలో తేడా ఉంటుంది, పిలుపులో కూడా తేడా ఉంటుంది. హెల్పర్‌ను "ఒరేయ్" అంటారు, మేస్త్రీని "మేస్త్రీ" అనే పిలుస్తారు. ఆ తేడాకు కండబలం కారణం కాదు. కొలత తీయడం, గీసిన ప్లాన్ చదవడం, లెక్క కట్టడం రావాలి. బట్టల ఫ్యాక్టరీలో తానులో ఎన్ని చొక్కాల ముక్కలు వస్తాయో అమర్చి చూసే మనిషి చేసేది కూడా వైశాల్యాల లెక్కే. అందుకే హైస్కూలులో లెక్కలు, సైన్సు పక్కనే చేతిపని క్లాసు ఉండాలని నా అభిప్రాయం.

ఇల్లు కట్టే చోట మేస్త్రీ మూల కలపడం చూడండి. ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 అడుగులు కొలిచి గుర్తు పెడతాడు. ఆ రెండు గుర్తుల మధ్య 5 అడుగులు వస్తే మూల సరిగ్గా కుదిరినట్టు. అది మన పుస్తకంలోని పైథాగరస్ సిద్ధాంతమే. సిద్ధాంతం కంఠతా పట్టిన పిల్లవాడికి మూల కలపడం రాదు. దారం పట్టుకున్న హెల్పర్‌కు ఆ 5 ఎందుకు రావాలో తెలియదు. ఇద్దరి దగ్గరా సగం చదువే ఉంది.

ఒకసారి పన్నెండు సమాన భాగాలు వచ్చేలా ముడులు వేసిన తాడును పిల్లల చేతికిచ్చి, బడి ఆవరణలో లంబకోణం పెట్టమన్నాను. రెండుసార్లు తప్పి మూడోసారి పెట్టారు. అప్పుడు ఒక అమ్మాయి, "5, 12, 13 తోనూ వస్తుందా సార్?" అని అడిగింది. తాడు పట్టుకున్న చెయ్యే ఆ పిల్లను మళ్లీ లెక్కల వైపు తీసుకెళ్లింది.

ఈ చదువు మనకు కొత్తది కాదు. జైనూర్ మండలం ఉషెగావ్‌లో ఓజా కళాకారులు పోసే డోక్రా బొమ్మలకు 2018లో "ఆదిలాబాద్ డోక్రా" పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మట్టి అచ్చు మీద తేనెమైనంతో బొమ్మను మలుస్తారు. దాని మీద మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయి ఏర్పడిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. ఇత్తడి సాంద్రత మైనానికి సుమారు తొమ్మిది రెట్లు. కాబట్టి పట్టిన మైనాన్ని తూస్తే ఎంత ఇత్తడి కావాలో తెలిసిపోతుంది. సాంద్రత పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అయినా మన పిల్లలు ఆ పాఠాన్ని వేరే ఎవరిదో అన్నట్టు చదువుతున్నారు.

"మన పిల్లలకు మళ్లీ చేతిపనేనా? డాక్టర్లు, కలెక్టర్లు కావద్దా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగాల్సిందే. 1953లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజాజీ పల్లెల్లోని ప్రాథమిక బడులకు ఒక పథకం తెచ్చారు. ఒక పూట బడి, మిగతా పూట ఇంటి వృత్తి. ఇది పిల్లల్ని కులవృత్తికే కట్టేయడమని జనం ఎదురు తిరిగారు. 1954లో దాన్ని రద్దు చేశారు. చదువును తగ్గించి పని నేర్పితే ఎవరి పిల్లలు ఎక్కడ మిగిలిపోతారో అప్పటి జనానికి తెలుసు.

ఇప్పుడూ జాగ్రత్త కావాలి. సీబీఎస్‌ఈ పదో తరగతిలో నైపుణ్య సబ్జెక్టును ఆరోదిగా తీసుకుంటే, లెక్కలు, సైన్సు, సోషల్‌లలో ఒకటి తప్పినప్పుడు దాని బదులు ఇది లెక్కలోకి వచ్చే నిబంధన ఉంది. తప్పిన పిల్లలకు అది ఊరటే. అయితే పదో తరగతి గట్టెక్కి ఐటీఐలో ఫిట్టర్‌గానో ఎలక్ట్రీషియన్‌గానో చేరితే అక్కడ వర్క్‌షాప్ లెక్కలు, ఇంజనీరింగ్ డ్రాయింగ్ ఎదురవుతాయి. వదిలేసిన లెక్కలు అక్కడ కాచుకుని కూర్చుంటాయి. అందుకే లెక్కలకు బదులుగా చేతిపని వద్దు, లెక్కలతోపాటు కావాలి అంటున్నాను.

మాటలకు మనకు కరువు లేదు. 1937లో వార్ధాలో గాంధీ పనితో కూడిన చదువు గురించి చెప్పారు. కొఠారి కమిషన్ "పని అనుభవం" కావాలంది. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి వంటివారి దగ్గర పని చూపించమంది. నా ఉపాధ్యాయ శిక్షణలో మాత్రం పని అనుభవమంటే సుద్దముక్కలు పోయడం, కాగితం కవర్లు అంటించడం. పది రోజుల్లో పని చూడవచ్చు, నేర్చుకోలేం.

ఎనిమిదో తరగతి నుంచి వారానికి వరుసగా రెండు పీరియడ్లు ఇస్తే చాలు. పెద్ద వర్క్‌షాప్ అక్కర్లేదు. టేపు, మూలమట్టం, తూకపు గుండు, లెవల్ చూసే నీళ్ల పైపు, బ్యాటరీలు, చిన్న బల్బులు, వైర్లు, ఒక కుట్టు మిషన్ చాలు. ఇంటి కరెంటు జోలికి పోకుండా బ్యాటరీతోనే శ్రేణి, సమాంతర సంధానాలు నేర్పవచ్చు. ఊరి మేస్త్రీని, టైలరమ్మను పిలిచి కూలి ఇచ్చి మరీ నేర్పించాలి. వాళ్ల పక్కన లెక్కల టీచరు నిలబడాలి. మిషన్ అమ్మాయిలకే, వైర్లు అబ్బాయిలకే అని పంచకూడదు.

ఇప్పటికే షెడ్డులో పనిచేస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. మేస్త్రీ కొలత చెప్పినప్పుడు ఊరుకోకండి, "ఆ కొలత ఎందుకు అన్నా?" అని అడగండి. రాత్రి పాత లెక్కల పుస్తకం తీసి చూడండి. మీరు పగలు మోసింది ఏ అధ్యాయంలో ఉందో వెతకండి.