రాకుమారి కట్టిన బొమ్మ

ఇంగ్లండు రాణి కాకముందు విక్టోరియా కూడా ఒక ఆడపిల్లే కదండీ. తల్లి కట్టడిలో పెరిగింది. తోటి పిల్లలతో ఆటలు తక్కువ. అందుకే కాబోలు, బొమ్మలే లోకమయ్యాయి. మన భాషలో గీసినదీ బొమ్మే, చెక్కినదీ బొమ్మే. ఆ పిల్లకు రెండు పిచ్చులూ ఉండేవి. 1827 నుంచి రిచర్డ్ వెస్టాల్ అనే పేరున్న చిత్రకారుడు ఇంటికి వచ్చి చిత్రలేఖనం నేర్పేవాడు. నాటకానికో బాలేకో వెళ్ళి వచ్చిందంటే, అక్కడ చూసిన వేషాలను నీటిరంగుల్లో వేసుకునేది. అదీ చాలక 132 చిన్న చెక్కబొమ్మలను పోగుచేసి, తనూ, తన్ను పెంచిన లేజెన్ అనే ఆవిడా కూర్చుని వాటికి దుస్తులు కుట్టి తొడిగారు. వాటిలో ఒకతె ఎమీ రాబ్సార్ట్.

ఈ ఎమీ, వాల్టర్ స్కాట్ 1821లో ప్రచురించిన 'కెనిల్వర్త్' నవలలో నాయిక. లీస్టర్ ప్రభువు ఆమెను రహస్యంగా పెళ్ళాడతాడు. ఎలిజబెత్ రాణి అతని కోటకు విందుకు వస్తుంది. దాచిపెట్టిన భార్య కాస్తా తోటలోని గుహలో రాణిగారి కళ్ళబడుతుంది. చదువుతూంటే గుండె దడదడలాడుతుంది. తీరా చరిత్ర తిరగేస్తే, ఆ విందులు జరిగింది 1575లో. అసలు ఎమీ 1560లోనే మెట్ల కింద శవమై కనిపించింది. పెళ్ళయినా రహస్యమా? సాక్షాత్తు రాజుగారి ఎదుటే జరిగింది! పదిహేనేళ్ళ కిందట పోయిన మనిషిని స్కాట్ మహాశయుడు బతికించి తెచ్చి రాణి ముందు నిలబెట్టాడు.

రాకుమారికి అప్పటికి నవలలు చదివే ఈడు కూడా కాదు. 'కెనిల్వర్త్'ను లండన్లో బాలేగా ఆడితే, ఆ ముచ్చటతో కట్టిన బొమ్మ అది. చరిత్ర నుంచి నవలకు, నవల నుంచి రంగస్థలానికి, అక్కడి నుంచి ఒక పిల్ల ఒళ్ళోకి వచ్చింది ఎమీ. తేదీ తప్పని ఎవరైనా ఆ పిల్లకు చెప్పారో లేదో గాని, నేనైతే చెప్పి ఉండేవాణ్ణి.

చెప్పాను కూడా. నాలుగేళ్ళ కిందట మా అమ్మాయికి రాత్రిళ్ళు అడవి బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి' కథ చెబుతూండేవాణ్ణి. పన్నెండేళ్ళది. ఒకనాడు పెద్ద అట్టమీద రంగులతో వేసి తెచ్చింది: ఓరుగల్లు తోరణం కిందినుంచి గుర్రంమీద దూసుకువస్తున్న రుద్రమదేవి. గుర్రం కాలు కాస్త పొట్టిదైనా, కళ్ళలో మాత్రం పౌరుషం ఉంది. నేను కళ్ళజోడు సవరించుకుని, "అది కోటగుమ్మం కాదమ్మా, స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా కట్టిన తోరణాలలో ఒకటి. సైన్యం అందులోంచి రాదు," అన్నాను. తరగతిలో చెప్పినట్టే చెప్పాను. అది మాట్లాడకుండా అట్ట తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ నాకు ఏ బొమ్మా చూపించలేదు.

మొన్న ఈ విక్టోరియా సంగతి చదివాక, అటక ఎక్కి ఆ అట్ట దింపాను. ఒక అంచు పురుగు కొట్టేసింది. అమ్మాయిని పిలిచి, "ఇది గోడకి పెడదామా?" అన్నాను.

"తోరణం తప్పు కదా నాన్నా?"

"పోనీలే."

"నువ్వు చెప్పిందే వేశాను. 'తోరణం కిందినుంచి మెరుపులా వచ్చింది' అని చెయ్యి ఊపుతూ మరీ చెప్పావు, ఆ రాత్రి," అంది.

నాకు ఒక్క ముక్కా జ్ఞాపకం లేదు. వాళ్ళమ్మ మాత్రం వంటింట్లోంచి, "అవును, చెప్పారు," అంది.