అంచు నొక్కిన రూపాయి

అత్తయ్య సంవత్సరీకం అయ్యాక, ఆవిడ ఎర్రగుడ్డ సంచిలోని ఆరు వెండి రూపాయలు పంచుకోవాల్సి వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి అమ్మవారి ముందు పెట్టే రూపాయలవి. మూడు విక్టోరియా రాణివి, రెండు ఏడో ఎడ్వర్డువి, ఒకటి అయిదో జార్జిది. "ఫొటోలు తీసి పెట్టు, చూసి మూడు ఏరుకుంటాను" అంది పుణేలో ఉండే మా వదిన.

రాత్రి వంటిల్లు సర్దుకున్నాక మంచం మీది తెల్ల దుప్పటి మీద పెట్టి, ఫ్లాష్ వేసి, టకటకా తీసి వాట్సాప్‌లో పంపించేశాను. అరగంటలో ఫోన్.

"ఇవి అమ్మ రూపాయలేనా? ఇంత తెల్లగా ఉన్నాయేమిటి? చిన్నప్పుడు నేను పచ్చడిబండతో కొడితే 1907 ఎడ్వర్డు రూపాయి అంచు నొక్కుకుపోయింది. ఆ నొక్కు ఏదీ?"

నాకు నోట మాట రాలేదు. మార్చేశాననా? ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ మాట పడతానని అనుకోలేదు. సంచి విప్పి చూస్తే నొక్కు ఉన్నచోటే ఉంది. ఫొటోలోనే లేదు.

మర్నాడు కింది ఫ్లాట్‌లో నాణేలు సేకరించే బాబాయిగారి దగ్గరికి వెళ్లాను. "వెండి అద్దంలాంటిదమ్మా. ఫ్లాష్ ఎదురుగా కొడితే ఆ వెలుతురంతా తిరిగి కెమెరాలోకే వస్తుంది. గీతలూ గుంతలూ అన్నీ తెల్లటి మెరుపులో కలిసిపోతాయి. పైగా తెల్ల దుప్పటి, అంచెక్కడుందో ఎలా తెలుస్తుంది?" అన్నారు.

ఆయన చెప్పినట్టే చేశాను. డైనింగ్ టేబుల్ మీద నల్ల జాకెట్టు గుడ్డ పరిచాను. ఒకే ఎత్తున్న రెండు స్టీలు డబ్బాల మీద ఫోను అడ్డంగా పెట్టాను, కెమెరా సరిగ్గా నాణేనికి పైన ఉండేలా. ఫోను మరీ దగ్గరగా ఉంటే దాని నీడే పడుతుంది కాబట్టి కాస్త ఎత్తులో ఉంచి జూమ్ చేశాను. ఫ్లాష్ ఆపి, పిల్లల చదువుకునే దీపం గడియారంలో పది అంకె ఉండే వైపు పెట్టాను. చెయ్యి కదలకుండా మూడు సెకన్ల టైమర్. తెరమీద నాణేన్ని తాకి వెలుతురు కొంచెం తగ్గించాను. నాణేన్ని అంచులు పట్టుకునే తిప్పాను, తుడవలేదు. దీపం ఎత్తులో పెట్టి ఒకటి, కిందికి దించి ఒకటి, రెండు వైపులా తీశాను. ఎత్తు వెలుతురులో నాణెం మనం చూసినట్టే కనిపిస్తుంది. ఏటవాలు వెలుతురులో గీతలు బయటపడతాయి, అయితే ఉన్నవాటికన్నా లోతుగా కనిపిస్తాయి. అందుకే రెండూ కావాలి.

పెద్దది చేసి చూస్తే 1907 రూపాయి అంచున నొక్కు స్పష్టంగా ఉంది. ఎడ్వర్డు చెవి పైన జుట్టు అరిగి నున్నగా అయిపోయింది. ముందు అరిగేవి అలాంటి ఎత్తైన చోట్లేనట.

ఇంకొకటి కూడా కనిపించింది. ఆరింటి మీదా ఒకే వైపుకి సన్నటి వెంట్రుకల్లాంటి గీతలు. "ఇవి వాడకం వల్ల వచ్చినవి కావు, తోమినవి" అన్నారు బాబాయిగారు. ఏటా శ్రావణ శుక్రవారానికి ముందు చింతపండు, పీచుతో తళతళలాడేలా తోమింది నేనే. అత్తయ్య మెచ్చుకునేవారు కూడా. నలుపంటే పైనున్న వెండే రంగు మారడమట, తోమినప్పుడల్లా ఆ పొర కొంత పోతుందట. తోమిన నాణేనికి సేకరించేవాళ్లు ధర తగ్గిస్తారని కూడా చెప్పారు.

గీతలున్న ఫొటోలు పంపాలా వద్దా అని కాసేపు తటపటాయించాను. ఎత్తు వెలుతురువి పంపితే నొక్కు కనిపిస్తుంది, నా మాట నిలబడుతుంది. గీతల సంగతి ఎవరికీ తెలియదు. కానీ ఒక్క ఫొటోకే ఇంత అనుమానం వచ్చింది. అన్నీ పంపించి, కింద రాశాను: "వదినా, ఈ గీతలు నా చింతపండువి."

చాలాసేపటికి జవాబు వచ్చింది. "నీకన్నా ముందు పదేళ్లు నేను తోమాను. ఏవి నీవో ఏవి నావో ఎవరికి తెలుసు? నొక్కుపడింది నాకివ్వు. మిగతా రెండూ నువ్వే ఏరి పెట్టు."

రాత్రి అన్న మాటకి ఆవిడ క్షమాపణ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఉన్నవాటిలో తక్కువ అరిగిన విక్టోరియా రూపాయిలు రెండు ఏరి పంపించాను.

ఈ శ్రావణంలో నా మూడు రూపాయలూ తోమలేదు. పీట మీద కాస్త నల్లగానే ఉన్నాయి. అమ్మవారేమీ అనుకోలేదు. పేరంటానికొచ్చిన పక్కింటావిడే, "ఈసారి తోమలేదా?" అని అడిగింది.