మా నేరేడువన్నె కారు

స్త్రీల పత్రికలో వ్రాయవలసినది వంటయో, వ్రతమో, పిల్లల పెంపకమో కాని, కారు కడుగుట యేమి యని మీలో కొందఱు నవ్వవచ్చును. మూడేండ్ల క్రిందట నైనచో నేనును నవ్వియే యుందును. కాని నేడు మనవంటి సామాన్యుల వాకిండ్లలో కూడ కారు నిలుచున్నది. మా కారు కొఱకు నా చేతిగాజులు రెండు కుదువకు పోయినవి. మా వారి జీతములో నెలనెలకు నొక భాగము వాయిదాలకు పోవుచున్నది. ఇంత వెచ్చించి తెచ్చుకొన్న వస్తువును కాపాడుకొనుట యిల్లాలి పనులలో నొకటి కాదా? అంతకు మించి, ఆ కారు పైరంగు విషయమున నేనొక తప్పు చేసితిని. అది చెప్పుకొనినగాని నాకు మనశ్శాంతి లేదు.

మాది పుట్టపర్తి. మా వారు పెనుకొండ వైపున నొక పల్లెటూరి పాఠశాలలో ఉపాధ్యాయులు. అత్తగారిని మాటిమాటికి వైద్యశాలకు తీసికొనిపోవలసి యుండుటచే, ఒకరు వాడి విడిచిన కారును కొంటిమి. దాని వన్నె నేరేడుపండు వన్నె. కడిగిన దినమున వాకిట నిలిచిన కానుగచెట్టు కొమ్మలన్నియు దానిలో కానవచ్చుచుండెడివి. అత్తగారు దానినే చూచి బొట్టు దిద్దుకొనవచ్చునని పరిహాసమాడెడివారు.

ఆ నిగనిగ యెంత పలుచనిదో నాకప్పుడు తెలియదు. పెనుకొండ దగ్గఱ ఎఱ్ఱమంచిలో 2019 డిసెంబరున ప్రారంభోత్సవము జరిగిన కియా కర్మాగారమును మీరు వినియుందురు. ఏటికి మూడు లక్షల కార్లు చేయుటకు దానిని నిర్మించిరి. మా కారు అచ్చట పుట్టినది కాదు. కాని రంగు వేయు విధానము నేడు పెద్ద కర్మాగారములన్నిట నించుమించుగా నొకటే. మొదట ఇనుపరేకుల దేహమును తొట్టిలో ముంచి, విద్యుచ్ఛక్తి చేత తుప్పు పట్టనీయని పూత నంటింతురు. దానిపై నునుపు చేయు పూత, ఆపై రంగు, అన్నిటికిని పైన గాజువలె పారదర్శకమైన పూత. నడుమ నడుమ పెద్ద పొయ్యిలలో కాల్తురు. ఇన్ని పూతలును కలిసి మిల్లీమీటరులో పదియవ వంతునకు కొంచెము హెచ్చుగా నుండును. పై పారదర్శకపు పూత మాత్రము సాధారణముగా తలవెండ్రుక మందమైనను ఉండదు. మనము చూచి మురియు నిగనిగ యంతయు దానిదే. లేపాక్షి వీరభద్రాలయమున 16వ శతాబ్దినాటి చిత్రములు రాతికప్పు నీడన నున్నను తడి తగిలిన చోట్ల వెలిసిపోయినవి గదా! ఎండలో వానలో నిలుచు కారునకు గొడుగు ఆ పలుచని పొర యొక్కటియే.

చలిదేశములలో మంచు కరుగుటకై బాటలపై ఉప్పు చల్లుదురు. అది కార్లను తినివేయును. మనకు ఆ బాధ లేదు. మన శీతకాలపు శత్రువులు వేఱు. కార్తికముతో వానలు వెనుకబడును, ఎఱ్ఱమన్ను పొడిబారి దుమ్మై లేచును. హిందూపురము, పెనుకొండ ప్రాంతములు ఎత్తైన నేలలగుటచే మార్గశిరమున తెల్లవాఱుజామున మంచు కురియును. దుమ్ముపై మంచు పడి, ప్రొద్దెక్కగానే యెండి, కారంతయు మచ్చలు పడును. ఆ దుమ్ములో పలుగురాతి పొడి కలదు. పలుగురాయి గాజునే గీయగలదు. అట్టి దానిని ఒట్టి బట్టతో రుద్దిన నేమగునో వేఱుగ చెప్పవలెనా?

నేను చేసినది సరిగా నదియే. క్రిందటి మార్గశిరమున నొక గురువారము మా అన్నగారు ధర్మవరము నుండి సకుటుంబముగా వచ్చుచున్నారని కబురు వచ్చినది. వాకిలి చిమ్మి ముగ్గు పెట్టి చూతును గదా, కారు మంచుతో దుమ్ముతో అట్టకట్టి యున్నది. నీరు పోయుటకు తీరిక లేక, మా వారి పాత పంచె చింపి, గుండ్రగుండ్రముగా గట్టిగా తుడిచితిని. అప్పటికి మెఱసినది. సంతోషించితిని.

ఆదివారము నడిమధ్యాహ్నపు టెండలో మా వారు చూచిరి. కారు ముందుభాగమంతయు సాలెగూడు పఱచినట్లు సన్నని గీతలు! ప్రతి యాదివారము మా వీధి పిల్లవాడొకడు వచ్చి నూఱు రూపాయలకు కారు కడిగిపోవుచుండెను. డిగ్రీ చదువుచు, పుస్తకములకు ఫీజులకు తానే సంపాదించుకొనువాడు. మా వారు వానిని పిలిచి, "ఇదేమిరా ఇట్ల గీసినావు?" అనిరి. "నేను కాదు సార్. నేను పొడి బట్ట ఆడించనే ఆడించను" అని వాడు నెమ్మదిగా చెప్పెను. "నువ్వు కాకపోతే ఇంకెవరు ముట్టుకుంటారు?" అని మా వారు నూఱు రూపాయలు చేతిలో పెట్టి, ఇక రావలదనిరి. వాడు మాఱుమాటాడక పోయెను.

నేను తలుపు వెనుక నిలిచి యంతయు వింటిని. ఆ పంచెగుడ్డ నా కండ్లయెదుటనే కొక్కెమున వ్రేలాడుచుండెను. నోరు పెగలలేదు. మా వారు కోపగింతురను భయము కాదు, వారట్టివారు కారు. గాజులు కుదువపెట్టి తెచ్చిన వస్తువును నా చేతులతో నేనే పాడుచేసితినని ఒప్పుకొనుటకు నా యభిమానము అడ్డు వచ్చినది. బాల్యమున తాతగారి యొద్ద భారతము చదువుకొన్న దానను. సత్యమును గూర్చిన పద్యములెన్నో కంఠస్థము. ఆ క్షణమున నొక్కటియు నాకు తోడు రాలేదు.

రెండు రాత్రులు నిదుర లేదు. మంగళవారము తెల్లవాఱుజామున కాఫీ యిచ్చుచు, "ఏమండీ, ఆ గీతలు నా చేతివి" అంటిని. వారు కొంతసేపు గ్లాసును చూచుచు కూర్చుండి, "ఈ మాట నాకంటె ముందు ఆ పిల్లవానికి చెప్పవలసినది. విచారణ లేకుండ శిక్ష వేసితిని గనుక తప్పు నాదియు. పద, ఇద్దఱమును పోదము" అనిరి.

వాని తల్లి గడపలో పూలు కట్టుచుండెను. మమ్ము చూచి కంగారుపడి, "రాండమ్మా, లోపలికి రాండి" అనెను. మా వారు నిలిచియే, "తప్పు మాది నాయనా" అనిరి. నేనును జరిగినది చెప్పితిని. వాడు నేల చూచుచు, "ఆ పొద్దు నన్ను ఒక మాట అడిగింటే చాలు సార్" అనెను. అంతే. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది.

ఆదివారము వాడు వచ్చెను. "ఈ పొద్దు నేను కడుగుతా, నువ్వు చెప్పు" అని చీరకుచ్చెళ్లు దోపుకొని నిలిచితిని. వాడు కొన్ని నెలలు వాటర్ సర్వీసు అంగడిలో పనిచేసినవాడు. వాడు నేర్పినదియు, పిమ్మట మా వారు చదివి చెప్పినదియు మీ యుపయోగమునకై వ్రాయుచున్నాను.

కారు చల్లగా నీడలో నున్నప్పుడే కడుగవలెను. మన బోరునీరు ఉప్పనీరు. సున్నపు పదార్థము హెచ్చు. ఎండలో నీరు తనంత తానారిన తెల్లని మచ్చలు నిలుచును. మొదట బట్ట తాకింపక, చెంబుతో పైనుండి నీరు పోసి దుమ్మును నాననిచ్చి జాఱనీయవలెను. పిమ్మట రెండు బకెట్లు. ఒకదానిలో కార్లకు వాడు షాంపూ కలిపిన నీరు, రెండవదానిలో మంచినీరు. గుడ్డను షాంపూనీట ముంచి కొంతమేర తుడిచి, మంచినీట జాడించి, మఱల షాంపూలో ముంచవలెను. అట్లు చేసిన ఇసుక రెండవ బకెట్టు అడుగున మిగులును. పైకప్పు నుండి క్రిందికి, తిన్నగా, మెత్తగా తుడువవలెను. చక్రములకు వేఱు గుడ్డ, అవి కడపట. నేలబడిన గుడ్డను ఉతికినగాని తాకింపరాదు. గిన్నెలు తోము సబ్బు, బట్టల సోడాపొడి పనికిరావు. పైనున్న మైనపు పూతను అవి ఊడ్చివేయును. కిరోసిను కలిపిన నీటితో తుడుచు అలవాటు కొందఱికి కలదు. మెఱపు ఒక పూటయే, జిడ్డు మాత్రము నిలిచి దుమ్మును పిలుచును. గొట్టము పట్టనక్కఱలేదు. నీటికఱవు సీమవారము గదా, మా చిన్నకారునకు నాలుగు బకెట్లు చాలుచున్నవి.

తడి యార్చుటకు మైక్రోఫైబరు గుడ్డ మేలు. దాని సన్నని పోగులు నీటిని, రేణువులను లోనికి తీసికొనును. రుద్దక అద్దవలెను. ఆ గుడ్డను నూలుబట్టలతో కలిపి ఉతుకరాదు.

పక్షిరెట్టలో ఆమ్లము కలదు. అది ఎండవేడికి పై పూతను తినును. గోటితో గీకినచో గీత పడును. తడిగుడ్డ కప్పి కొన్ని నిమిషములు నాననిచ్చి మెల్లగా ఎత్తివేయవలెను. ఆయుధపూజనాడు పెట్టిన పసుపుకుంకుమలను గూడ మఱునాడే యిట్లు తీయుట మంచిది. లేనిచో మఱక మిగులును. దుమ్ముపట్టిన కారుపై ముసుగు కప్పిన, గాలికి ఆ ముసుగే రాపిడి పెట్టును. తడికారుపై కప్పిన లోపల చెమ్మ నిలుచును.

శుభ్రముగా నారిన పిదప మైనము. మంచి మైనములలో నొకటి కార్నోబా. బ్రెజిలు దేశపు ఈశాన్యభాగమున వానలు తక్కువైన సీమలో పెరుగు నొక తాళజాతి చెట్టు, తన తడి ఎండకు పోకుండ ఆకులపై మైనము పూసికొనును. దానినే మనము కారునకు పూయుచున్నాము. మన సీమవంటి సీమలోని చెట్టు ఉపాయమది! మెత్తని స్పంజితో మిక్కిలి పలుచగా పూసి, తెలుపెక్కిన పిదప వేఱుగుడ్డతో తుడువవలెను. నల్లని ప్లాస్టికు భాగములకు తాకింపరాదు. పిమ్మట నీరు చల్లిన తామరాకుపై వలె బొట్లుబొట్లుగా నిలుచును. నీరు పఱచుకొన నారంభించినచో మైనము అరిగినదని గుర్తు. నేను కార్తికమున నొకమాఱు, సంక్రాంతి వెళ్లిన పిదప నొకమాఱు పూయుచున్నాను. ఇది మంచునుండి, మఱకలనుండి కొంత కాపాడునే కాని, కఱకు చేతినుండి కాపాడదు.

పాత గీతలను పాలిషు యంత్రముతో పోగొట్టవచ్చును. కాని ఆ పని, పై పొరను కొంత అరగదీసి గీత లోతునకు దింపుటయే. మందము తగ్గిన మఱల రాదు. అందుచే మేము వానిని అట్లే యుంచితిమి.

ద్రోణపర్వమున, సైంధవుని కొఱకు యుద్ధము సాగుచున్న నడుమ, అర్జునుడు బాణములతో నేలను చీల్చి నీరు తెప్పింపగా కృష్ణుడు గుఱ్ఱములను విప్పి, బాణములు తీసి, మేనులు తోమి, నీరు త్రావించెను. చిన్ననాడు ఆ ఘట్టము చదివి, జగన్నాథునకు ఇంత చిన్నపని యేల యనుకొంటిని. మనలను మోయుదానిని మన చేతితో మెల్లగా తాకుట చిన్నపని కాదని యిప్పుడు తెలిసినది. మన పనులు చేసిపెట్టు మనుష్యుల విషయమున నది మఱియు నిజము.

ఆ పిల్లవాడు ఆదివారములు ఇప్పటికిని వచ్చుచున్నాడు. వాడొక వైపు, నేనొక వైపు కడుగుదుము. ఎండ యేటవాలుగ పడినప్పుడు నా గీతలు నాకు కనబడును. వాడును చూచును గాని, ఏమియు ననడు.