మూడు గ్లాసుల విస్కీ, మా దాది ముక్కు

పోస్టు పొడుగ్గా ఉంటది, ఓపిగ్గా చదవండి. ముందే ఒక మాట. ఇది తాగమని చెప్పే పోస్టు కాదు. మన ఆంధ్రాలో మందు కొనాలంటే 21 నిండాలి, మా రూములో నలుగురికీ ఇంకా 20. మేము వాసన చూశాం, చెప్పింది విన్నాం, అంతే. రుచి చెప్పింది దాది.

మేము నరసరావుపేటలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. ముగ్గురం సుగాలీలం, బొల్లాపల్లి, వెల్దుర్తి వైపు తాండాల వాళ్లం. ఒకడు మాచర్ల అవతల చెంచు గూడెం వాడు. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మా హాస్టల్లోనే చదివిన సీనియర్ అన్న ఒకాయన హోటల్ మేనేజ్‌మెంట్ చేసి, హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్ బార్ కౌంటర్లో పనిచేస్తున్నాడు. ఫిబ్రవరిలో సేవాలాల్ జయంతికి తాండాకి వస్తూ మమ్మల్నీ రమ్మన్నాడు. పండగ రోజు మందు ఊసే లేదు. మహారాజ్‌కి తీపి భోగ్ పెడతాం, ఆయన మత్తు వద్దన్న మనిషి. మర్నాడు సాయంత్రం అన్న బ్యాగులోంచి అరచేతిలో పట్టే బుల్లి సీసాలు మూడు తీశాడు. ఐరిష్, స్కాచ్, అమెరికన్.

"ఇవి మూడూ మాకు పరీక్షలో వచ్చే ప్రశ్నరా, తేడాలు రాయమంటారు" అన్నాడు. మూడు స్టీలు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోసి, వాళ్ల దాది ముందు పెట్టాడు. ఏది ఏదో చెప్పలేదు.

దాది సంగతి చెప్పాలి. ఒకప్పుడు తాండాలో సారా దించటంలో ఆమె చెయ్యే చెయ్యి. ఊటలో వేలు ముంచి నాకి, ఇంకో రోజు ఆగాలి అని చెప్పేదంట. దిగిన సారా గుక్కెడు పొయ్యిలో పోసి, మంట లేచిన తీరు చూసి ఘాటు ఎంతో చెప్పేదంట. మానేసి చాలా ఏళ్లయింది.

మొదటి గ్లాసు వాసన చూసి కొంచెం నోట్లో పోసుకుంది. "ఇది నున్నగా పోతుందిరా. ఒక్కసారి దించింది కాదు, మళ్లీ మళ్లీ దించారు" అంది. అన్న నవ్వాడు. అది ఐరిష్. బార్లీతో చేస్తారు, అందులో మొలకెత్తించని బార్లీ కూడా కలిపే పద్ధతి వాళ్లకుంది. ఎక్కువగా మూడుసార్లు దించుతారు, అందుకే గొంతులో గీరుకోదు. మాకు మటుకు కోసిన గడ్డి మీద తేనె చుక్క పడ్డట్టు వాసన వచ్చింది.

రెండోది ముక్కు దగ్గర పెట్టుకోగానే మొహం పక్కకి తిప్పుకుంది. "గుడిసె అంటుకున్నట్టుంది!" మేమంతా పగలబడి నవ్వాం. అది స్కాచ్, ఐలా అనే దీవిది. అక్కడ కట్టెలు తక్కువ, బురద నేలల్లో గడ్డీ గాదం వేల ఏళ్లు కుళ్లి గట్టిపడ్డ మట్టిని కోసి ఎండబెట్టి కాలుస్తారు. ఆ మట్టి పేరు పీట్. మొలకెత్తిన బార్లీని ఆ పొగ మీద ఆరబెడతారు, పొగ గింజలోకి దిగుతుంది. స్కాచ్ అంతా ఇట్టా ఉండదు, పొగ లేనివే ఎక్కువ అన్నాడు అన్న. మాలో చెంచు వాడు మాత్రం రెండోసారి వాసన చూశాడు. వాన తడిసిన అడవిలో పొద్దున్నే పొయ్యి రాజేసినట్టుంది, బాగుంది అన్నాడు.

మూడోదానికి దాది తడుముకోలేదు. "బెల్లం. దీంట్లో బెల్లం వేశారు." ఇక్కడ మాత్రం తప్పింది. అది అమెరికా బర్బన్. బెల్లం చుక్క లేదు. సగానికి పైగా, అంటే కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలని వాళ్ల చట్టం. లోపల మంటతో మాడ్చిన కొత్త ఓక్ పీపాలోనే నిలవ పెట్టాలి. ఆ మాడిన చెక్కలోంచి వస్తుంది పాకం వాసన, వెనీలా వాసన. దాది నమ్మలేదు. "చెక్కలో తీపేందిరా" అంటూ ఇంకో గుక్క తాగి మరీ చూసింది.

స్కాచ్, ఐరిష్ రెండూ కనీసం మూడేళ్లు పీపాలో ఉండాలంట. స్కాట్లాండ్‌లో ఏడాదికి దాదాపు రెండు శాతం పీపాలోంచే ఆవిరైపోతుంది, దాన్ని దేవదూతల వాటా అంటారు. మా రెంటచింతల ఎండల్లో పీపా పెడితే దేవదూతలే మొత్తం తాగేసి పోతారు అన్నాం.

ఆ రాత్రి అన్న చెప్పింది విని మాకు నిద్ర పట్టలేదు. ఐర్లాండ్‌లో ఇళ్లలో దించుకునే పొచీన్ అనే సారా ఉంది. 1661లో పన్ను వేసినప్పటి నుంచి అది దొంగ సరుకైంది, అమ్ముకోవటానికి మళ్లీ ఒప్పుకున్నది 1997లో. స్కాట్లాండ్ కొండల్లోనూ అంతే, బట్టీలు దాచటం, అబ్కారీ వాళ్లు రావటం. 1823లో చట్టం మార్చి, పది పౌండ్లు కట్టి లైసెన్సు తీసుకోమన్నారు. గ్లెన్‌లివెట్ లోయలో చాటుగా దించే జార్జ్ స్మిత్ అనే ఆయన 1824లో తీసుకున్నాడు. ఆ పేరు మీదున్న సీసా ఇప్పుడు అన్న కౌంటర్లో లైటు కింద ఉంటది.

మరి మనకి? 1892లో బొంబాయి వైపు కొన్ని జిల్లాల్లో తెల్లవాళ్లు ఏకంగా ఇప్ప పువ్వు ఏరి దాచుకోవటం మీదే చట్టం తెచ్చారు. మా చెంచు వాడి గూడెంలో ఇప్ప పువ్వు తిండి, దేవుడికి పెట్టేది, సారా, మూడూ అదే. ఈమధ్య మధ్యప్రదేశ్‌లో ఇప్ప సారాకి హెరిటేజ్ మద్యం అని పేరు పెట్టి, ఆదివాసీ సంఘాల చేత చేయిస్తున్నారు.

అట్టాగని సారాని నెత్తిన పెట్టుకోమని మేము అనం. నవసారం వేసిన సారా తాగి పేగులు పాడైన వాళ్లని మా తాండాల్లో చూశాం. 1992లో నెల్లూరు దూబగుంట ఆడవాళ్లు సారా పాట ఆపించారు, 1993లో రాష్ట్రమంతా సారా బంద్ అయింది. ఆ అమ్మలు చేసింది తప్పని మేము అనలేం. 1995లో మొత్తం మద్యమే నిషేధించి, 1997లో సడలించారు. తిరిగొచ్చింది షాపులో క్వార్టర్. ఆ చవక విస్కీ చాలావరకు చెరకు మొలాసిస్ స్పిరిట్‌కి రంగు, వాసన కలిపిందే. యూరప్‌లో దాన్ని విస్కీ అని అమ్మనివ్వరు, గింజ ఉండాలంటారు. అంటే షాపు సీసాకీ తాండా ఊటకీ తల్లి చెరుకే. అన్న వాళ్ల నాన్న రెండూ తాగాడు. ఏది చంపిందో ఎవరు చెప్తారు. దాది బట్టీ మానేసింది కొడుకు పోయాకే.

దాని కంటే ముందు ఆమె మీద కేసు ఉంది. అన్న పదో తరగతిలో ఉండగా ఊట పారబోసి, ఆమెని బండెక్కించి తీసుకుపోయారు. తర్వాత బైండోవర్. అన్న ఇంత వరకు హోటల్లో ఎవరికీ చెప్పలేదు. ఇంటర్వ్యూలో వాసనలు పట్టటంలో అంత తెలివి ఎట్టా వచ్చిందని అడిగితే, ట్రైనింగ్‌లో నేర్చుకున్నా అన్నాడంట. మేము ఏమీ అనలేకపోయాం. కాలేజీలో "తాండా వాళ్లు కదా, సరుకు తెస్తారా" అని అడిగినప్పుడు మేమూ నవ్వేసి ఊరుకున్న వాళ్లమే.

దాది ఒక్కటే అడిగింది. "ఇది గుక్కెడు ఎంతకి అమ్ముతావు?"

"ఒక్కో పెగ్గు ఆరేడొందలు పడతది దాది."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "కేసులో నేను కట్టింది ఎంతో గుర్తుందా నీకు?" అంది. అన్న తల ఊపాడు.

గ్లాసులు బూడిదేసి రెండుసార్లు తోమింది. పొద్దున్నే వాటిలోనే మాకు టీ పోసింది. ఒక గ్లాసులో పొగ వాసన పోలేదు. చెంచు వాడు అది తనకే కావాలని తీసుకున్నాడు.

అన్న డ్యూటీకి వెళ్లాక ఫోన్ చేశాం. వాసనలు ఎక్కడ నేర్చుకున్నావని ఈసారి ఎవరన్నా అడిగితే దాది పేరు చెప్తావా అని అడిగాం. కాసేపు మాట్లాడలేదు. వెనక గ్లాసుల చప్పుడు వినపడుతోంది.

"చూద్దాం లేరా" అన్నాడు.