నొప్పి కన్నా ముందే చెప్పిన స్కానింగ్

మా రాయదుర్గంలో స్కానింగ్ అనగానే "ఎన్నో నెల?" అని అడుగుతారు. అందుకే "నాయనకు రోజూ స్కానింగ్ చేస్తా ఉండారు" అని బెంగళూరు ఆస్పత్రి నుంచి ఫోన్ చేస్తే, మా జేజి "మగోనికి స్కానింగ్ ఏందిరా?" అనింది.

నాయన జీన్స్ యూనిట్‌లో టైలర్. ఆయన కాలేయం పాడైతే, మా అక్క తన లివర్‌లో ఒక భాగం ఇచ్చింది. ఆపరేషన్ అయ్యాక అసలు భయం మొదలైంది. కొత్త కాలేయానికి రక్తం తెచ్చే ధమని రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటుందట. దాన్ని అతికే దారం వెంట్రుక కన్నా సన్నం. అక్కడ రక్తం గడ్డకడితే ప్రమాదం. కాలేయానికి ఎక్కువ రక్తం పోర్టల్ సిర నుంచే వస్తుంది గానీ, పిత్తనాళాలు బతికేది ఈ ధమని మీదే. అది మూసుకుపోతే అవి దెబ్బతింటాయి. పెట్టిన కాలేయమే పోవచ్చు.

చిక్కేమిటంటే, మొదట్లో పేషెంటుకు ఏమీ తెలియకపోవచ్చు. నాలుగో రోజు నాయన బాగానే మాట్లాడుతున్నాడు. డాక్టరమ్మ మంచం దగ్గరికే మిషన్ తెప్పించి ప్రోబ్ పెట్టింది. రోజూ వినిపించే 'హుష్ హుష్' చప్పుడు ఆ రోజు రాలేదు. వెంటనే సీటీ స్కాన్ తీసి ఖాయం చేసుకున్నారు. సాయంత్రానికల్లా మళ్లీ ఆపరేషన్. గడ్డ తీసి, ధమనిని తిరిగి కుట్టారు. పక్క వార్డులో అక్క తన కుట్లు పట్టుకుని ఒక్కటే అడిగింది: "నేనిచ్చింది బతుకుతాదా?"

బతికింది.

దీన్ని డాప్లర్ స్కాన్ అంటారు. రైలు మనవైపు వస్తుంటే కూత పదునుగా వినిపిస్తుంది, దాటిపోగానే గొంతు తగ్గుతుంది కదా! ఆ సూత్రాన్ని 1842లో ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ చెప్పాడు. పారే రక్తకణాలకు తగిలి తిరిగొచ్చే శబ్దాన్ని బట్టి, రక్తం ఎటు, ఎంత వేగంగా పోతోందో మిషన్ లెక్కగడుతుంది. స్క్రీన్ మీద ఎరుపు, నీలం అంటే మంచి రక్తం, చెడ్డ రక్తం కాదు. ప్రోబ్ వైపు వచ్చేది ఒక రంగు, దూరం పోయేది ఇంకో రంగు. రేడియేషన్ ఉండదు కాబట్టి రోజూ చేసినా ఇబ్బంది లేదు. అలాగని అన్నీ ఇదే తేల్చదు. ఒళ్లు కొత్త కాలేయాన్ని తిప్పికొడుతోందా అన్నది తెలియాలంటే బయాప్సీ కావాల్సిందే.

మీ ఇంట్లో లివర్ మార్పిడి చేయించుకున్నవాళ్లుంటే, జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా ఊళ్లో మాత్రతో సరిపెట్టకండి. ఆపరేషన్ చేసిన డాక్టర్లకు వెంటనే ఫోన్ కొట్టండి. పాత స్కాన్ రిపోర్టులన్నీ ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. ఏం మారిందో పోల్చి చూస్తేనే కదా తెలిసేది!

నాయన మళ్లీ కుట్టుమిషన్ ఎక్కాడు. చెకప్ రోజొస్తే మాత్రం పరగడుపునే బయలుదేరతాడు. "బాగానే ఉండా కదా, స్కానింగ్ ఎందుకు?" అని ఇప్పటిదాకా ఒక్కసారీ అనలేదు.